దవాఖానంటే డాక్టరొక్కరే కాదు: ఈ మాట ఇంటర్ తర్వాత కాదు, ఎనిమిదో తరగతిలోనే చెప్పాలి

పదో తరగతి జీవశాస్త్రంలో విసర్జన పాఠం ఉంటుంది. మూత్రపిండాలు పనిచేయకపోతే రక్తాన్ని యంత్రంతో ఎలా శుభ్రం చేస్తారో అందులో చెబుతారు. పరకాలలోనో, జమ్మికుంటలోనో, ఉట్నూరులోనో ఆ పాఠం చదివిన పిల్లలు డయాలిసిస్ గురించి పరీక్షలో చక్కగా రాసి మార్కులు తెచ్చుకుంటారు. వాళ్లలో కొందరి ఇళ్లల్లో తాతయ్యో, మేనమామో వారానికి రెండు మూడుసార్లు జిల్లా కేంద్రానికి వెళ్లి డయాలిసిస్ చేయించుకొని వస్తుంటారు కూడా. కానీ ఆ యంత్రం పక్కన నాలుగు గంటలు నిలబడి, సూది పెట్టి, బీపీ పడిపోతుందేమోనని కనిపెట్టుకొని ఉండే మనిషి ఎవరు, ఏం చదివి ఆ పనిలోకి వచ్చారు అని అడిగితే ఆ పిల్లల్లో చాలామంది దగ్గర జవాబు ఉండదు. చాలాసార్లు వాళ్ల టీచర్ల దగ్గర కూడా ఉండదు. ఆ చదువు ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమా. పాఠంలో యంత్రం ఉంది కానీ దాన్ని నడిపే మనిషి లేడు. వైద్యరంగం వైపు పిల్లలను తయారుచేయడంలో మన దగ్గరున్న లోపమంతా ఈ ఒక్క ఉదాహరణలో కనబడుతుంది.

జ్వరంతో వరంగల్ ఎంజీఎం దవాఖానకు వచ్చిన ఒక రోగి వెంట ఓపీ చీటీ దగ్గర నుంచి నడిచి చూడండి. బీపీ, టెంపరేచర్ చూసేది నర్సు. రక్తం తీసి, ప్లేట్‌లెట్లు లెక్కగట్టేది ల్యాబ్ టెక్నీషియన్. ఛాతీ ఎక్స్‌రే తీసేది రేడియోగ్రాఫర్. మాత్రలు ఇచ్చి, ఏది తిన్నాక వేసుకోవాలో, ఏది తినకముందు వేసుకోవాలో చెప్పేది ఫార్మసిస్టు. అడ్మిట్ అయితే రాత్రంతా సెలైన్ చూసేది మళ్లీ నర్సే. ఆ మనిషిని ఊరి నుంచి 108లో తీసుకొస్తే, దారిలో ఆక్సిజన్ పెట్టింది అందులోని టెక్నీషియన్. డాక్టర్ నిర్ణయం లేకుండా ఇదంతా జరగదు, నిజమే. అయితే రోగి దవాఖానలో గడిపే సమయంలో డాక్టర్ ఎదురుగా ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా వీళ్ల చేతుల్లోనే గడుస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఈ పనులు చేసేవాళ్ల అవసరం పదేళ్ల కిందటి కన్నా ఇప్పుడు చాలా ఎక్కువ. 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల మొదలైంది. తర్వాత ఆదిలాబాద్‌లో రిమ్స్ వైద్య కళాశాల రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 2013లో నిజామాబాద్ కాలేజీ వచ్చింది. రాష్ట్రం ఏర్పడేనాటికి ప్రభుత్వ వైద్య కళాశాలలు మొత్తం 5. ఇప్పుడు 30 దాటాయి. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, మహబూబాబాద్, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్, ఆసిఫాబాద్, భూపాలపల్లి, జనగామ, 2024లో ములుగు, నర్సంపేట కాలేజీలు మొదలయ్యాయి. ఒక మెడికల్ కాలేజీ వచ్చిందంటే దానికి అనుబంధంగా వందల పడకల బోధనాసుపత్రి ఉండాలి. ఆపరేషన్ థియేటర్లు, బ్లడ్ బ్యాంకు, ఐసీయూ ఉండాలి. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగి దగ్గర ప్రతి షిఫ్టులో ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. రోజుకు మూడు షిఫ్టులు, పైన సెలవులు. ఒక్క పడకకు ఎంతమంది కావాలో లెక్క వేసుకోవచ్చు.

ప్రభుత్వ నియామకాల్లోనూ ఇది కనబడుతోంది. 2024 జనవరి చివర్లో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు, 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. డిసెంబరులో ఎనిమిది మెడికల్ కాలేజీలతో పాటు 16 నర్సింగ్ కాలేజీలు, 28 పారామెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి. చదువుకునే చోట్లు ఊరికి దగ్గరగా వస్తున్నాయి. అవి ఉన్నాయన్న సమాచారం మాత్రం హైస్కూలు గడప దాటి లోపలికి రావడం లేదు.

ఒక్క తలుపు ముందు ఇంత తొక్కిసలాట

హనుమకొండలో నయీంనగర్ రోడ్డు మీద ఒకసారి తిరిగితే చాలు, మన సమాజం వైద్యరంగాన్ని ఎలా చూస్తోందో అర్థమవుతుంది. గోడల నిండా, స్తంభాల నిండా నీట్ ర్యాంకుల ఫొటోలే. ఇంట్లో అమ్మాయి బైపీసీ తీసుకుందంటే చుట్టాలు అడిగే మొదటి మాట "డాక్టర్ అయితదా?" అనే. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, గౌరవం ఉంది. ఒక అబద్ధం కూడా ఉంది. బైపీసీకి ఉన్న తలుపు ఒక్కటే అన్నది ఆ అబద్ధం.

లెక్క చూద్దాం. 2025లో నీట్ యూజీ రాసినవాళ్లు దేశం మొత్తం మీద 22 లక్షలకు పైగా. ఎంబీబీఎస్ సీట్లు ప్రభుత్వ, ప్రైవేటు కలిపి లక్షా ఇరవై వేలకు అటూ ఇటూ. అంటే పద్దెనిమిది మందిలో ఒక్కరికి సీటు. అందులోనూ మామూలు ఇంటివాళ్లు కట్టగలిగే ఫీజున్న సీట్లు ఇంకా తక్కువ. 720 మార్కుల పరీక్షలో జీవశాస్త్రం 360, భౌతికశాస్త్రం 180, రసాయనశాస్త్రం 180. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లలకు ఆ భౌతికశాస్త్రం 180 మార్కులే గండం. పదో తరగతిలో గ్రూపు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పరు.

మొదటిసారి సీటు రాకపోతే లాంగ్ టర్మ్, అంటే ఏడాది పొడవునా మళ్లీ నీట్ కోచింగ్. అప్పటికీ రాకపోతే మరో ఏడాది. మూడో ఏడాది కూర్చునేవాళ్లూ ఉన్నారు. కష్టపడి సాధించే పిల్లలు ఉంటారు, వాళ్ల పట్టుదలకు దండం పెట్టాలి. కానీ పదిహేడు నుంచి ఇరవై ఏళ్ల వయసులో హాస్టల్ గదికీ, టెస్టు పేపర్లకూ మధ్యే రోజులు గడిపి, చివరికి సీటు రాక, "ఇంక ఏం చేస్తం, నర్సింగ్‌లో వేద్దాం" అన్న మాట విన్న పిల్లల పరిస్థితి ఆలోచించాలి. అప్పుడు నర్సింగ్ వాళ్లకు ఒక వృత్తిగా కనబడదు, ఓడిపోయినందుకు వేసిన శిక్షలా కనబడుతుంది. ఆ టెన్షన్, ఆ చిన్నబోయిన మనసు వార్డులోకి కూడా వెంట వస్తాయి. రేపు ఆ బిడ్డ చేతిలో సెలైన్ పెట్టించుకునేది మనమే, మన ఇంటివాళ్లే.

ఇక్కడ చెప్పదలచిన అసలు విషయం ఇదే. నర్సింగ్, ల్యాబ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ వంటి చదువులను నీట్ పోయాక మిగిలిన దారులుగా కాక, నీట్‌తో పాటే, నీట్ కన్నా ముందే పిల్లల ముందు పెట్టాలి. అందుకు సరైన సమయం ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. ఇంటర్ అయ్యాక మొదలుపెడితే ఎంపిక ఉండదు, సర్దుకుపోవడమే ఉంటుంది.

కరీంనగర్‌లో జరిగింది

నర్సు పని అంటే డాక్టర్ చెప్పింది చేయడమే అనుకునేవాళ్లకు కరీంనగర్ ఒక మంచి పాఠం. సిజేరియన్ కాన్పుల్లో తెలంగాణ దేశంలోనే ముందుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు కోతతోనే జరిగాయి. అవసరమైన చోట సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది. అవసరం లేని చోట మాత్రం తల్లికి అదొక పెద్ద ఆపరేషన్, ఇంటికి ఖర్చు, మరుసటి కాన్పుకు మరింత ముప్పు. ఈ పరిస్థితి మార్చడానికి 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. అప్పటికే జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకు మరో పద్దెనిమిది నెలల చదువు అది. మామూలు కాన్పును తొందరపెట్టకుండా, భయపెట్టకుండా, తల్లిని నడిపిస్తూ, ఏ భంగిమలో సులువుగా ఉంటుందో చూపిస్తూ చేయించడం, ప్రమాద సూచన కనబడగానే డాక్టర్‌ను పిలవడం ఆ శిక్షణలో నేర్పేవి.

మన పల్లెల్లో మంత్రసానులు ఒకప్పుడు అనుభవంతో చేసిన పనికి ఇప్పుడు శాస్త్రం, శిక్షణ, లైసెన్సు తోడయ్యాయి. ఇంత బాధ్యత, ఇంత గౌరవం ఉన్న పనికి మొదటి మెట్టు నర్సింగే. ఈ సంగతి తొమ్మిదో తరగతి అమ్మాయికి తెలిస్తే నర్సింగ్ అన్న మాట ఆమెకు ఇంకోలా వినబడుతుంది. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకూ ఈ చదువే ఆధారం. గల్ఫ్ వలసలకు అలవాటుపడ్డ జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో కూలి పనికి దుబాయ్ వెళ్లిన తండ్రులు ఎందరో ఉన్నారు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి జర్మనీ లాంటి దేశాలకు పంపుతోంది. ఆ తండ్రుల బిడ్డలు అదే విమానాశ్రయం నుంచి చేతిలో వృత్తి ధ్రువపత్రంతో వెళ్లవచ్చు.

పది తర్వాత దారులు ఎటు పోతాయి

పది కాగానే ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్), ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త), ఫిజియోథెరపీ కోర్సులు ఉన్నాయి. కొన్ని కస్తూర్బా విద్యాలయాల్లో కూడా ఎంపీహెచ్‌డబ్ల్యూ నడుస్తోంది. చదువుతూనే చేతిపని నేర్చుకోవాలనుకునేవాళ్లకు, ఇంట్లో రెండేళ్లలో సంపాదన అవసరమైనవాళ్లకు ఇవి మంచి దారులు. ఒకేషనల్ తీసుకుంటే పైచదువు ఆగిపోతుందన్న భయం సగమే నిజం. బ్రిడ్జి కోర్సు పరీక్షలు అదనంగా రాసి పాసైతే డిగ్రీ కోర్సులకు అర్హత వస్తుంది. బ్రిడ్జి కోర్సుకు గడువులోగా ఫీజు కట్టాలన్న సంగతి పిల్లలకు ఎవరో ఒకరు గుర్తుచేయాలి. చాలామంది దారి మూసుకుపోయేది తెలివి లేక కాదు, ఆ గడువు తెలియక.

ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. దీనికి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు కావాలి, సీట్లు భర్తీ చేసేది వరంగల్‌లోనే ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. నీట్ మీదే మనసు పెట్టిన పిల్లలు ఎప్‌సెట్ దరఖాస్తు వదిలేస్తే ఆ ఏడాది నర్సింగ్ కూడా పోతుంది. ఇది ఏటా జరిగే పొరపాటే. బీఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్ డీ ఆరేళ్లు, రెండూ ఎప్‌సెట్ ద్వారానే. బీఫార్మసీకి ఎంపీసీ వాళ్లూ వెళ్లవచ్చు. జీఎన్ఎమ్ మూడేళ్లు, దీనికి ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా అర్హత ఉంది. తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. ఫిజియోథెరపీలోనూ డిగ్రీ ఉంది, అందులో ఇంటర్న్‌షిప్ కూడా భాగమే.

పారామెడికల్ బోర్డు నడిపే రెండేళ్ల డిప్లొమాలు మరో దారి. ల్యాబ్, డయాలిసిస్, అనస్థీషియా, క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షలు చేసే చోటు), ఇమేజింగ్, కంటి వైద్య సహాయకులు, ఇలా చాలా ఉన్నాయి. ప్రవేశాల్లో మొదట బైపీసీ వాళ్లకు, తర్వాత ఎంపీసీ వాళ్లకు, ఆ తర్వాత మిగతా గ్రూపుల వాళ్లకు అవకాశం ఇస్తారు. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ వెనకున్నదంతా భౌతికశాస్త్రమే కాబట్టి లెక్కలు, భౌతికశాస్త్రం ఇష్టపడే పిల్లలకు ఇమేజింగ్ బాగా కుదురుతుంది. 2018లో కంటి వెలుగు కార్యక్రమం ఊరూరికీ వచ్చినప్పుడు జనం చూపు పరీక్షించి, అద్దాల నంబరు చెప్పింది ఎక్కువగా ఇలాంటి కంటి చదువు చదివినవాళ్లే. ఆ శిబిరాల్లో కొన్ని బడి ఆవరణల్లోనూ జరిగాయి. వాళ్లతో పిల్లలకు ఒక అరగంట మాట్లాడించి ఉంటే ఎంత బాగుండేది!

నర్సింగ్, ఫార్మసీ కాకుండా మిగతా ఇలాంటి వృత్తులను ఒక చట్టం కిందికి తేవడానికి 2021లో పార్లమెంటు జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. దాంతో కోర్సుల ప్రమాణాలకు, రిజిస్ట్రేషన్‌కు దేశమంతటా ఒకే కమిషన్ ఉంటుంది. ఇందులో తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతి ఒకటుంది. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు చేసే వీలుండదు. బస్టాండ్ల దగ్గర "ఆరు నెలల్లో నర్సింగ్, ఉద్యోగం గ్యారంటీ" అని అంటించే కాగితాలు చూసి డబ్బు కట్టకముందు నర్సింగ్ కాలేజీ అయితే నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో, డిప్లొమా అయితే పారామెడికల్ బోర్డు జాబితాలో, ఫార్మసీ అయితే ఫార్మసీ కౌన్సిల్ జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఈ జాబితాలు ఫోన్‌లోనే దొరుకుతాయి. కూలీనాలీ చేసి కూడబెట్టిన డబ్బు విలువలేని సర్టిఫికెట్‌కు పోవడం కన్నా బాధాకరమైనది ఉండదు.

ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది తొమ్మిదో తరగతితోనే మొదలవుతుంది. 2024లో వచ్చిన 33వ నంబరు జీవో ప్రకారం ఎంబీబీఎస్, బీడీఎస్ ప్రవేశాల్లో స్థానికులుగా లెక్కలోకి రావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. మంచి కాలేజీ అని ఇంటర్‌కు విజయవాడ పంపేవాళ్లు, సరిహద్దు మండలాల్లో ఉండి పిల్లలను మహారాష్ట్ర వైపు బడిలో వేసేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

బడిలో ఏం చేయవచ్చు

దీనికి కొత్త పథకాలు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. బడికి వైద్యరంగం ఏడాదికోసారి తనంతట తానే నడిచి వస్తుంది. 2013 నుంచి నడుస్తున్న ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎమ్ ఉన్న బృందం వ్యాన్‌లో వచ్చి పిల్లల ఎత్తు, బరువు, చూపు, పళ్లు, గుండె చూస్తుంది. ఆ రోజు పిల్లలంతా వరుసలో నిలబడి, పేరు పిలిస్తే వెళ్లి, వచ్చి క్లాసులో కూర్చుంటారు. అలా కాకుండా తొమ్మిదో తరగతి నుంచి నలుగురు పిల్లలను ఆ బృందానికి సాయంగా ఇచ్చి చూడండి. ఒకరు ఎత్తు కొలవాలి. ఒకరు బరువు రాయాలి. ఒకరు ఆరు మీటర్ల దూరం టేపుతో కొలిచి, అక్షరాల చార్టు వేలాడదీసి, ఒక కన్ను మూసుకొమ్మని తోటి పిల్లలకు చెప్పాలి. ఇద్దరు ముగ్గురి చూపులో తేడా వాళ్లే కనిపెడతారు. ఇన్నాళ్లూ నల్లబల్ల కనబడకే వెనకబడ్డ స్నేహితుడు అద్దాలు పెట్టుకొని వచ్చిన రోజు, ఆ చార్టు పట్టుకున్న పిల్లకు కలిగే సంతోషం ఏ కెరీర్ గైడెన్స్ పుస్తకంలోనూ దొరకదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మరో బడి. మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు, ఏజెన్సీలో 20 వేలకు ఒకటి ఉండాలన్నది నియమం. హైస్కూలు నుంచి చాలా చోట్ల నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. జూ పార్కుకు వెళ్లినట్టు ఒకసారి అందరూ వెళ్లి ఫొటో దిగి వస్తే లాభం లేదు. ఐదుగురు చొప్పున, ఒక పూట, ఒక్క పని మాత్రమే చూడాలి. టీకాల రోజున, వాటిని దాచే ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్‌లో టెంపరేచర్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉందో లేదో ఏఎన్ఎమ్ రోజుకు రెండుసార్లు ఎందుకు రాస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ తీసిన రక్తం నమూనా జిల్లా డయాగ్నొస్టిక్ హబ్‌కు వెళ్లి, రిపోర్టు ఫోన్‌కు ఎలా వస్తుందో గమనించాలి. రోగుల పేర్లు, జబ్బులు బయట మాట్లాడకూడదన్న నియమం కూడా అక్కడే, మొదటి రోజే నేర్పాలి. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే కాబట్టి ఈ నియమం పట్నంలో కన్నా పల్లెలోనే ఎక్కువ అవసరం.

వర్షాకాలంలో పత్తి చేలల్లో, వరి పొలాల్లో పాము కాటు మన దగ్గర మామూలు. కాలికి గట్టిగా తాడు కట్టడం, కత్తితో గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లడం, ఇవన్నీ ప్రాణాల మీదికి తెస్తాయి. కాటు పడ్డ అవయవాన్ని కదపకుండా ఉంచి, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, వెంటనే యాంటీవీనమ్ ఉన్న దవాఖానకు చేర్చడమే చేయాల్సింది. ఇది తెలిసిన ఒక్క పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ ఇంటికి అది రక్ష. ప్రథమ చికిత్సను పుస్తకంలో ఒక పేజీగా కాక చేత్తో చేయించి నేర్పితే, వాళ్లలో ఎవరు కంగారుపడకుండా నిలబడగలరో, ఎవరికి ఈ పని మీద మనసుందో టీచర్‌కే తెలిసిపోతుంది. రక్తం చూసి కళ్లు తిరిగే పిల్లలూ ఉంటారు. వాళ్లకు ల్యాబ్ రికార్డులు, ఫార్మసీ, పరికరాల మరమ్మతు లాంటి పనులున్నాయి. ఆ తెలివిడి కూడా ముందే రావడం మంచిది.

లెక్కల గురించి ఒక మాట. బైపీసీ తీసుకుంటే లెక్కలు వదిలిపోతాయని సంబరపడే పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి. ఆ గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు పడతాయి. నిమిషానికి ఎన్ని చుక్కలు పడేలా పెట్టాలి? మొత్తం చుక్కలు 10,000, నిమిషాలు 240. భాగిస్తే దాదాపు 42. ఇది ఏడో తరగతి లెక్కే. కానీ గుండె జబ్బు ఉన్న ముసలాయనకు ఇందులో తప్పు జరిగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. లెక్కల టీచర్ ఇలాంటివి వారానికి ఒకటి ఇచ్చినా నిష్పత్తులు ఎందుకు నేర్చుకోవాలో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

భాష సంగతి అంతకన్నా పెద్దది. నర్సింగ్ కాలేజీలో, పారామెడికల్ కోర్సులో పుస్తకాలన్నీ ఇంగ్లిషులోనే. ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లిషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిషు, ఒక పక్క తెలుగు ఇచ్చారు. ఈ రెండు భాషల పుస్తకం వైద్యరంగానికి వెళ్లే పిల్లలకు వరం లాంటిది, దాన్ని సరిగ్గా వాడుకుంటే. ఎందుకంటే వాళ్లు రేపు చదివేది ఇంగ్లిషులో, మాట్లాడేది తెలుగులో. కేస్ షీటులో "బ్రెత్‌లెస్‌నెస్" అని రాయాలి, మంచం పక్కన "దమ్ము వస్తుందా అవ్వా?" అని అడగాలి. ఒకటి వచ్చి ఇంకొకటి రాకపోతే సగం పనే వచ్చినట్టు. పెద్దవాళ్లను మీరు అని పిలవడం, చెప్పేది పూర్తయ్యేదాకా వినడం, అర్థమయిందా అని మళ్లీ అడగడం బడిలోనే అలవాటు కావాలి. ఎంజీఎంలో ఒక పూట కూర్చున్న ఎవరికైనా రోగులు ఎక్కువగా బాధపడేది మందుల కొరతకన్నా కసురు మాటలకేనని తెలుస్తుంది.

ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ అడవి ప్రాంతాల్లో ఇంకో భాష అవసరం కూడా ఉంది. ఏటూరునాగారం వైపు కోయ, ఉట్నూరు వైపు గోండి, కొలామి, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ. నొప్పి ఎక్కడుందో తన భాషలో చెప్పుకోగలిగితే రోగికి సగం భయం పోతుంది. ఈ భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదువుతున్నారు. బడిలో ఆ భాషను ఒక వెనకబాటుగా చూసే అలవాటు ఇంకా పోలేదు. వైద్యరంగంలో అది మరెవరికీ లేని నైపుణ్యం.

ఆ పిల్లలకు నేరుగా సంబంధించిన పని ఒకటి ఇప్పుడు దేశమంతా జరుగుతోంది. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి నిర్మూలించాలని 2023 జులైలో కేంద్రం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలన్నది అందులో భాగం. ఈ జబ్బు లక్షణాన్ని మోసే ఇద్దరు పెళ్లి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పదో తరగతి అనువంశికత పాఠంలో మెండల్ బఠానీ మొక్కల మీద వేసి చూపించిన లెక్క ఇదే. ఆ పాఠం చెప్పేటప్పుడు బఠానీ మొక్కల దగ్గరే ఆగిపోకుండా సికిల్ సెల్ కార్డు ఎలా ఉంటుందో, పరీక్ష ఎలా చేస్తారో, మైక్రోస్కోపు కింద కొడవలి ఆకారం కణం ఎలా కనబడుతుందో చూపించవచ్చు. పరీక్ష చేయడం ఒక ఎత్తు. పెళ్లికి ముందు ఇరువైపులవాళ్లనూ కూర్చోబెట్టి, ఎవరినీ చిన్నబుచ్చకుండా, వాళ్ల భాషలో దాన్ని వివరించడం ఇంకో ఎత్తు. 2040 ప్రాంతంలో ఇంద్రవెల్లిలో, జైనూరులో, తాడ్వాయిలో ఆ పని చేయాల్సిన ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎమ్, కౌన్సెలర్ ఇప్పుడు అక్కడి ఆశ్రమ పాఠశాలల్లో ఏడో ఎనిమిదో తరగతి చదువుతుంటారు. ఆ బడుల్లో జీవశాస్త్రం టీచర్ పోస్టు ఖాళీగా ఉండకూడదు. బీరువాలో తాళం వేసి ఉన్న మైక్రోస్కోపు ఈ ఏడాదే బల్ల మీదికి రావాలి.